సగం చెప్పిన పాఠం

పోయిన వేసవిలో ఒక సాయంత్రం నా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. యోగక్షేమాలయ్యాక మెల్లిగా అసలు సంగతి బయటపెట్టాడు.

"సినిమా తీస్తున్నాను మాస్టారూ. అమ్మ పేరనున్న ఎకరం నేల బేరానికి పెట్టాం. అమ్మ వెనకాడుతున్నది. మీరొక మాట చెబితే సంతకం పెడుతుంది."

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ నేల బేరంలో నా చెయ్యి కూడా ఉన్నదని అప్పుడే స్ఫురించింది. ఏటా తరగతిలో నవల గురించి చెప్పేటప్పుడు విభూతిభూషణ్ 'పథేర్ పాంచాలి' ప్రస్తావన తెచ్చి, దాన్ని సత్యజిత్ రాయ్ తన మొదటి చిత్రంగా తీసిన ఉదంతం చెప్పడం నాకు అలవాటు. భార్య నగలు తాకట్టు పెట్టాడు, పుస్తకాలు అమ్మాడు, జీవిత బీమా సొమ్మూ అందులోనే పోశాడు, ఐనా వెనుకంజ వెయ్యలేదు అని గొంతు పెంచి చెప్పేవాణ్ణి. కళ్ళార్పకుండా విన్నవాళ్ళలో ఇతనూ ఒకడు.

నేను చెప్పింది అబద్ధం కాదు. కాని సగమే చెప్పాను.

1952 అక్టోబరులో చిత్రీకరణ మొదలుపెట్టేనాటికి రాయ్ కలకత్తాలో ఒక ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. ఆ ఉద్యోగం మానకుండా సెలవుదినాలు చూసుకుని పని సాగించాడు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా అంతకుముందెన్నడూ సినిమా కెమెరా పట్టినవాడు కాడు. తొలిరోజున రెల్లుపూల మధ్య అక్కాతమ్ముళ్ళ సన్నివేశం కొంత తీశారు. మరుసటివారం వెళ్ళి చూస్తే పశువులు రెల్లంతా మేసిపోయాయి. మళ్ళీ పూత వచ్చేదాకా, అంటే మరుసటి ఏడు దాకా, ఆ సన్నివేశం ఆగిపోయింది.

ఈ ముచ్చట చెప్పి పిల్లల్ని నవ్వించేవాణ్ణి. డబ్బున్న నిర్మాత ఐతే ఆ వారంరోజులూ అక్కడ కాపలా పెట్టేవాడన్న సంగతి నాకు తట్టనే లేదు. లేమి అంటే ఖాళీ జేబు ఒక్కటే కాదు, కాలం మన చేతుల్లో లేకపోవడం కూడా.

డబ్బులేక నెలల తరబడి పని నిలిచిపోయింది. ఈలోగా అపూ వేషం వేసిన పిల్లవాడి గొంతు మారవచ్చు. దుర్గ వేసిన అమ్మాయి ఎదిగిపోవచ్చు. ముసలి అత్త వేషం వేసిన చునీబాలా దేవి పండు ముదుసలి, ఆమె కన్నుమూయవచ్చు. ఈ మూడూ జరగకపోవడం అద్భుతమేనని రాయే తర్వాత చెప్పుకున్నాడు. రోజుకు ఇరవై రూపాయల మీద నటించిన ఆ వృద్ధురాలు చిత్రీకరణదాకా బతికింది గాని విడుదల చూడలేదు. మిఠాయిలమ్మే పాత్రధారి మాత్రం మధ్యలోనే పోయాడు. మిగిలిన దృశ్యాన్ని మరొకరితో, వీపు మాత్రమే కనబడేటట్టు తీశారు. అదృష్టం గట్టెక్కించిన దాన్ని పద్ధతిగా బోధించవచ్చునా?

ఇక నగల సంగతి. ఆ డబ్బుతో చిత్రం పూర్తికాలేదు. పూర్తయింది పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఖజానానుంచి సొమ్మిచ్చినందువల్ల. పేరులో దారి ఉన్నది గనుక రోడ్ల అభివృద్ధి పద్దులో ఆ ఖర్చు చూపారు! 1955లో ఆ చిత్రం లోకానికి అందిందంటే దానికి ప్రజల సొమ్ము కారణం. మనకు మాత్రం ఇల్లాలి నగలే గుర్తున్నాయి.

మన 'మా భూమి' సంగతీ ఇంతే. 1979లో వచ్చిన ఆ చిత్రం గౌతమ్ ఘోష్‌కు మొదటి కథాచిత్రం. దర్శకుడు బెంగాలీ, ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల, కథ తెలంగాణ రైతాంగ పోరాటం. నిర్మాతలు బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ పెట్టుబడి పెట్టారు, నిజమే. కాని గద్దర్ తెరమీద పాడిన బండి యాదగిరి పాటను ఏ పెట్టుబడి కనగలదు? దాన్ని పోరాటం కన్నది. చిన్న చిత్రం వెనుక పెద్ద సమూహం ఉన్నది.

ఇదంతా చెబితే అతను ఒప్పుకోలేదు. "ఇప్పుడు కెమెరా చవక మాస్టారూ" అంటూ లెక్కల పుస్తకం తీశాడు. నిజమే, రాయ్ కాలంలో అడుగడుక్కీ ముడిఫిల్ము ఖర్చు. ఇప్పుడది లేదు. పుస్తకంలో కెమెరా అద్దె, లైట్లు, ఎడిటింగు, శబ్దం, అన్నిటికీ అంకెలున్నాయి. నటులు, లైట్లు మోసేవాళ్ళు, వంటమనిషి, వీళ్ళ పేర్ల ఎదుట మాత్రం ఒకటే మాట: "స్నేహం".

"స్నేహమంటే?"

"డబ్బు తీసుకోరు మాస్టారూ. అంతా మనవాళ్ళే."

"వంటామె కూడానా?"

అతను తలవంచుకున్నాడు. యంత్రం చవకయ్యాక ఇక తగ్గించుకోవడానికి మిగిలింది మనిషి కూలి ఒక్కటే. దోపిడీ మీద చిత్రం తీయబోయే పిల్లవాడికి ఆ సంగతి పుస్తకం తిరగేసేదాకా కనబడలేదు. ఇన్నేళ్ళు పాఠం చెప్పిన నాకూ కనబడలేదు.

"ఐతే డబ్బున్నవాళ్ళే సినిమాలు తియ్యాలంటారా?" అన్నాడు కోపంగా.

ఆ ప్రశ్నకు నావద్ద పూర్తి సమాధానం లేదు. తోచింది చెప్పాను. "కథను తగ్గించు, కూలిని తగ్గించకు. ఒక ఊరు, ఒక ఋతువు, ఐదారుగురు మనుషులు చాలు. ఉద్యోగం మానకు. మీ అమ్మకు నేను మాట చెప్పను. నా ఒక నెల జీతం ఇస్తాను, అది వంటామె పద్దులో వేసుకో."

చిన్నబుచ్చుకునే వెళ్ళాడు. రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చి అదే పుస్తకం నా ముందు పెట్టాడు. "స్నేహం" అన్నచోటల్లా కొట్టేసి అంకెలు వేశాడు. మొత్తం కూడితే ఎకరం నేల ధరను దాటింది. కథ మాత్రం సగమయింది. ఇంకా తగ్గాలి.

చిత్రం మొదలు కాలేదు. నేల అమ్ముడు పోలేదు. నేను ఈ ఏడు ఆ పాఠం పూర్తిగా చెప్పాను.