తానాల అర్రకి అద్దం తలుపు

సాఫ్ట్‌వేర్‌లో ఒక పాత జబ్బుంది. వాడేవాళ్ళెవరో కనుక్కోకుండానే ముందు స్క్రీన్లు గీసేస్తాం. ఇల్లు బాగుచేయించుకునేటప్పుడూ అదే జబ్బు, ముఖ్యంగా షవర్ చుట్టూ పెట్టే అద్దం తలుపు దగ్గర. షోరూంలో అన్నీ బాగానే ఉంటాయి. అక్కడ ఎవరూ స్నానం చెయ్యరు కదా మరి!

మా ఇల్లు గోదావరిఖనిలో. బాపు భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. మోకాళ్ళు అరిగాయి. షవర్ ఉన్నా సరే, బకెట్టు, చెంబు, కూర్చోడానికి పీట ఉంటేనే ఆయనకి తానం చేసినట్టు. మొన్న స్నానాల గది బాగుచేయిస్తూ తలుపు సంగతి నాకు అప్పజెప్పారు. సరే, ఒక్కో రకం చూద్దాం.

మొదటిది పక్కకి జరిపే తలుపు. చోటు తక్కువ తింటుంది, నిజమే. కానీ కింది పట్టాలో సబ్బు నురగ, వెంట్రుకలు, మా ఊళ్ళో అయితే వాటికి తోడు బొగ్గు దుమ్ము చేరతాయి. వారం వారం బ్రష్షు పెట్టి తోమాలి. పైగా ఆ పట్టా గడపలా లేచి ఉంటే కాలికి తగులుతుంది.

రెండోది కీళ్ళ మీద తిరిగే తలుపు. గాజు చదరపు మీటరుకి, ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. రెండున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు, 8 మిల్లీమీటర్ల మందం అంటే దాదాపు 30 కిలోలు. అంత బరువూ గోడకి వేలాడాలి. పాత గోడ గుల్లగా ఉన్నా, వంకర ఉన్నా కొన్నాళ్ళకే తలుపు నేలకి రాసుకుంటుంది.

ఏ రకమైనా గాజు మాత్రం టెంపర్డ్‌దే అయ్యుండాలి. ఆరొందల డిగ్రీలు దాటేదాకా కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. మామూలు గాజు కన్నా నాలుగైదు రెట్లు గట్టిది. పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది. అయితే టెంపర్ చేశాక కోయడం, చిల్లు పెట్టడం కుదరదు. అందుకే కొలతలు టైల్స్ వేశాకే తీయించండి. బోరు నీళ్ళయితే తెల్ల మరకలు ఖాయం, రోజూ ఒకసారి వైపర్‌తో లాగెయ్యాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, అసలు ప్రశ్న ఒక ఎత్తు. లోపల మనిషి జారిపడితే ఎలా? తలుపు లోపలికి తెరుచుకునేదైతే పడ్డ మనిషే దానికి అడ్డం. బయటినుంచి తోస్తే ఆయన్ని తోసినట్టే. అందుకే 2021లో కేంద్రం విడుదల చేసిన యూనివర్సల్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు కూడా టాయిలెట్ తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకి జరగాలి అంటాయి.

ఇదంతా బాపుకి చెబితే నవ్వాడు. "గనిల దిగేటోనికి గిది కొత్తనా కొడుకా? లోపటికి పోయే తొవ్వ కంటే బయటికొచ్చే తొవ్వ ముందుగాల చూస్కుంటం" అన్నాడు. నిజమే, భూగర్భ గనికి కనీసం రెండు వేరు వేరు దారులుండాలని గనుల నిబంధనలే చెబుతాయి. ఇంట్లో స్నానాల గదికి ఉన్నది ఒక్కటే దారి. అదైనా సరిగ్గా ఉండొద్దూ?

చివరికి షవర్‌కి అసలు తలుపే వద్దనుకున్నాం. కదలని గాజు పలక ఒకటి, పక్కన మూడడుగుల ఖాళీ. పీట, బకెట్టు హాయిగా పడతాయి. గట్టు లేదు, నీళ్ళు పోవడానికి నేలకి వాలు ఇచ్చాం. మిగిలిన డబ్బుతో గోడకి పట్టుకునే కడ్డీ, గది తలుపుని బయటికి తిప్పించడం, అవసరమైతే బయటినుంచి కూడా తీయగలిగే గొళ్ళెం.

మీ ఇంట్లో చిన్నపిల్లలే ఉండొచ్చు, మీ లెక్క వేరే కావచ్చు. ఆ గదిలో రోజూ స్నానం చేసేదెవరో రాసుకున్నాకే షోరూంకి వెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే మాత్రం అద్దం సంగతి తర్వాత, ముందు గది తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడండి.