బిలాస్‌పూర్ నుంచి భీమిలికి

సముద్రానికి దూరంగా పెరిగినవారికి సముద్రం మీద ఉండే మక్కువ తీరవాసులకు ఉండదంటారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు కుటుంబాలను ఎరిగినవారెవరైనా ఈ మాటను కాదనరు. అర్పా నది ఇసుకలో ఆడుకుని, బుధవారీ బజారులో కూరగాయల సంచీ మోసి, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ పెరిగిన మా వంటివారికి వేసవి వచ్చిందంటే ‘మనూరు’ అనే మాట చెవిన పడేది. పసితనంలో ఆ మాటకు మాకు తెలిసిన అర్థం ఒక్కటే – సముద్రం.

మన సంస్థలో ఏటా ఎందరో ఉద్యోగులు ప్రయాణ రాయితీ సెలవు మీద సకుటుంబంగా సముద్రతీరాలకు వెళ్ళివస్తున్నారు. ఎక్కడికి వెళ్ళాలి, ఏ బండి ఎక్కాలి, ఎక్కడ బస చేయాలి అన్న విషయాలను అందరమూ శ్రద్ధగా ఆలోచిస్తాము. ఎప్పుడు వెళ్ళాలి అన్న విషయాన్ని మాత్రం పిల్లల బడికీ, విభాగంలోని పని ఒత్తిడికీ వదిలేస్తాము. మేమూ ఒకప్పుడు అలాగే చేశాము. అందువల్ల మాకు కలిగిన నష్టం పూడ్చుకోగలిగినది కాదు. మరొకరికి అది కలుగకూడదన్న ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఖనిజం కోసం వేసిన దారి

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారు నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు తమ ప్రధాన మార్గాన్ని 1891లో పూర్తి చేశారు. కట్నీ వైపు మార్గం కూడా ఇక్కడే చీలడంతో బిలాస్‌పూర్ పెద్ద కూడలి అయింది. లోకోషెడ్డులోను, యార్డులోను, బండ్ల మీద పనిచేయడానికి ఉత్తర కోస్తా జిల్లాల నుంచి తెలుగువారు తరలివచ్చారు. ఆ తొలితరం వారు రైలులో స్వగ్రామం వెళ్ళాలంటే ఖరగ్‌పూర్ చుట్టి తూర్పుతీరం వెంట దిగిరావలసి ఉండేది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఆ చుట్టు తప్పింది. మధ్యపరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడం ఆ మార్గానికి ముఖ్య ప్రయోజనం. దాని కొసన విశాఖపట్నం రేవు 1933లో ప్రారంభమైంది. ఖనిజం కోసం వేసిన ఆ దారే మా తల్లులకు పుట్టింటి దారి అయింది.

మా నాన్నగారు 1958లో ఆగ్నేయ రైల్వేలో చేరి, గూడ్సు గార్డుగా పనిచేసి, బిలాస్‌పూర్ డివిజనులోనే పదవీ విరమణ చేశారు. ఆయనదీ, అమ్మదీ భీమునిపట్నం ప్రాంతమే. పదవీ విరమణ అనంతరం కూడా వారు ఇక్కడే మాతో ఉండిపోయారు. ఊళ్ళో ఇల్లు లేదు, భూమి లేదు. సముద్రం ఒక్కటే మిగిలిందని నాన్నగారు నవ్వుతూ అనేవారు.

పెట్టెలు సర్దుకుని ఆగిపోయిన ప్రయాణం

2014లో నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు నిండాయి. మోకాళ్ళు సహకరించడం లేదు. కాళ్ళు ఆడుతుండగానే ఒక్కసారి భీమిలి చూసివద్దామని ఆయన కోరారు. ఆయన అడిగి చేయించుకున్న కోరికలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వెంటనే ప్రయాణ పట్టిక తయారుచేశాము. ఆ ఏడు విజయదశమి అక్టోబరు 3న, దీపావళి 23న వచ్చాయి. మా విభాగంలో యంత్రాల వార్షిక మరమ్మతులు నవంబరులో మొదలవుతాయి. కనుక రెండు పండుగల నడుమ పిల్లల చేత బడికి నాలుగు రోజులు సెలవు పెట్టించి, అక్టోబరు 11 సాయంత్రం బయలుదేరాలని నిర్ణయించాము.

పట్టిక చూసి నాన్నగారు, “ఆశ్వయుజ కార్తీకాల్లో మన సముద్రాన్ని నమ్మకూడదు బాబూ. సంక్రాంతి వెళ్ళాక వెళదాం” అన్నారు. జనవరిలో పిల్లల చదువులు పాడవుతాయనీ, మాకు సెలవు దొరకదనీ చెప్పాము. వాతావరణ శాఖ ఉంది, ఉపగ్రహాలున్నాయి, ఇంకా మాసాలు లెక్కపెట్టుకోవడమేమిటని నవ్వాము కూడా. ఆయన మరి మాట్లాడలేదు.

ఉపగ్రహాలు తమ పని తాము సక్రమంగానే చేశాయి. తుపాను వస్తున్నదని ముందుగానే హెచ్చరిక అందింది. అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలులతో విశాఖపట్నం వద్ద తీరం దాటింది. ఆ వైపు బండ్లు రద్దయ్యాయి. సర్దిన పెట్టెలోంచి తన పంచెలను నాన్నగారే తీసి బీరువాలో పెట్టుకున్నారు. చిన్నబుచ్చుకున్న మనుమడితో, “గార్డుకు ఎర్రజెండా మీద కోపం ఉండదురా. జనవరికి చూద్దాం” అన్నారు. జనవరి వచ్చేసరికి ఆయన మంచం పట్టారు. 2015 వేసవిలో కాలం చేశారు.

తుపానును ఎవరూ ఆపలేరు. కానీ తేదీ నిర్ణయించినది మేము.

మాసం ముందు, ఊరు తరువాత

తరువాతి సంవత్సరాలలో ఈ విషయాన్ని ఇంజనీరుకు తగినట్టు పరిశీలించాము. తుపాను ఏర్పడాలంటే సముద్రపు పైనీరు సుమారు 26.5 డిగ్రీలకు పైగా వేడెక్కి ఉండాలి. అంతేకాక దిగువ గాలికి, చాలా ఎత్తులో వీచే గాలికి నడుమ తేడా తక్కువగా ఉండాలి. నైరుతి ఋతుపవనాలు బలంగా ఉన్నప్పుడు కింద పడమటి గాలి, పైన తూర్పుగాలి ఉద్ధృతంగా వీస్తాయి. అందువల్ల పైకి లేచే మేఘస్తంభం చెదిరిపోయి వాయుగుండాలు పెద్ద తుపానులుగా మారడం అరుదు. ఋతువులు మారే సంధికాలంలో ఆ అడ్డు తొలగుతుంది. అందుకే బంగాళాఖాతానికి ఏటా రెండు తుపాను కాలాలున్నాయి. వేసవిలో ఏప్రిల్, మే నెలలు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రెండవది.

ఇక తేదీలు చూడండి. గోపాల్‌పూర్ వద్ద ఫైలిన్ తీరం దాటినది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. శ్రీకాకుళం జిల్లాను అతలాకుతలం చేసిన తిత్లీ 2018 అక్టోబరు 11న. మూడూ ఆశ్వయుజమే. దివిసీమను ముంచెత్తిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కార్తీకంలో వచ్చింది. మేము నవ్విన ఆ లెక్క తరతరాల తీరవాసుల పరిశీలన అని బోధపడింది.

ఉత్తర కోస్తాకు వెళ్ళదలచినవారికి ఏడాదిని ఇలా విభజించవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో బడి సెలవులు కలిసివచ్చినా ఉక్కపోత, రైళ్ళలో రద్దీ ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు వరకు కడలి కల్లోలంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల సంగతి చెప్పనే చెప్పాము. డిసెంబరులో కొంత అనుమానం మిగిలే ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలలే ప్రశాంతం. అయితే సంక్రాంతి వారంలో బండిలో కాలు మోపే చోటుండదు కనుక, పండుగ వెళ్ళాక బయలుదేరడం ఉత్తమం. అచ్చం నాన్నగారు చెప్పినట్టే.

కుటుంబ సమావేశం

గత శీతకాలానికి అమ్మకు ఎనభై రెండేళ్ళు వచ్చాయి. ఈసారి ప్రయాణం వాయిదా వేయరాదని సంకల్పించి అందరినీ కూర్చోబెట్టాము. రాయపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి కేరళ అన్నాడు. బిలాస్‌పూర్ నుంచి ఎర్నాకుళానికి నేరుగా బండి ఉన్నమాట నిజమే కాని, ఒక పగలూ రాత్రీ గడిచినా ఆ ప్రయాణం పూర్తి కాదు. మా శ్రీమతి పూరీ అన్నది. ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ ఉంది, జగన్నాథుని దర్శనమూ కలిసివస్తుంది. ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి ఎక్కడికైనా సరేనన్నది. అమ్మ మాత్రం, “మీకు ఎక్కడ వీలైతే అక్కడికే పోదాం” అన్నది. నాన్నగారు కూడా ఎన్నో ఏళ్ళు అదే మాట అన్నారని అందరికీ ఒక్కసారే గుర్తుకు వచ్చింది. ఇక చర్చ సాగలేదు. కేరళ వేచి ఉండగలదు.

కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మీదుగా రోజూ వెళుతుంది. సాయంత్రం ఎక్కితే ఆరువందల కిలోమీటర్లకు పైగా సాగే ప్రయాణం మరునాటి ఉదయానికి ముగుస్తుంది. పగటి ప్రయాణం కోరేవారికి 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ వచ్చింది కాని, దానికోసం తెల్లవారకముందే రాయపూర్ చేరుకోవాలి. వృద్ధులకు అది తగదు. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషను గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. కనుక బయలుదేరే తేదీ నుంచి వెనక్కు లెక్కపెట్టుకుని, బుకింగు తెరిచిన ఉదయమే అమ్మకు దిగువ బెర్తు సంపాదించాము.

భీమిలికి వెళ్ళేవారికి మరొక సూచన. విశాఖ దాకా వెళ్ళి వెనక్కు రానక్కరలేదు. విజయనగరంలో దిగితే భీమిలి సుమారు ముప్పై కిలోమీటర్లు. బస మెట్లు ఎక్కనవసరం లేని కింది అంతస్తులో తీసుకున్నాము. మా శాఖలో పెద్ద యంత్రం ఆపి మరమ్మతు చేసేటప్పుడు పట్టికలో అదనపు సమయం ఉంచుకోవడం అలవాటు. అలాగే అయిదు రోజుల యాత్రలో ఒక రోజు ఏ కార్యక్రమమూ లేకుండా ఖాళీగా ఉంచాము. అమ్మ అలసట ఆ రోజునే తీరింది.

గోస్తనీ సంగమం వద్ద

బిలాస్‌పూర్‌లో చలికి శాలువా కప్పుకుని ఎక్కిన అమ్మ, పార్వతీపురం దాటేసరికి దాన్ని మడిచి సంచిలో పెట్టి కిటికీ దగ్గర కూర్చుంది. చీకటిలోనే తాటిచెట్లను గుర్తుపట్టి మనుమరాలికి చూపించసాగింది.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న చిన్న పట్టణం భీమిలి. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తకస్థానం ఏర్పరచుకున్నారు. వారి సమాధుల తోట నేటికీ ఉంది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరిది. పిల్లలు ఒక పూట విశాఖకు పోయి కురుసుర జలాంతర్గామిని, దారిలో తొట్లకొండ మీది బౌద్ధ శిథిలాలను, ఎర్రమట్టి దిబ్బలను చూసివచ్చారు. ఈ తీరంలో చాలాచోట్ల అల కాలికింద ఇసుకను లాగేస్తుంది, లోపలికి లాగే ప్రవాహాలూ ఉంటాయి. ఈత వచ్చినవారైనా స్థానిక మత్స్యకారులు వద్దన్నచోట దిగకూడదని పిల్లలకు ముందే గట్టిగా చెప్పి పంపాము.

అమ్మ మాత్రం ఏమీ చూస్తాననలేదు. ఉదయం ఎండ ముదరకముందు ఒడ్డున కుర్చీ వేసి కూర్చోబెట్టాము. చేపలమ్మే ఆవిడ ఎవరో పలకరించగా, “ఏటమ్మా, ఇయాల వేట బాగుందా?” అని అమ్మ అడిగింది. అరవై ఏళ్ళ బిలాస్‌పూర్ ఆ గొంతులో లేదు. “మామ్మ ఇలా మాట్లాడుతుందా?” అని మా అమ్మాయి విస్తుపోయింది. మేమూ ఎన్నడూ విని ఉండలేదు.

మూడవనాడు మనుమల భుజాలు పట్టుకుని తడి ఇసుక దాకా నడిచింది. అల వచ్చి పాదాలు తడిపి వెళ్ళింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తిరిగి వస్తున్నప్పుడు, “మీ నాన్నగారు సంక్రాంతి వెళ్ళాకనే కదా రమ్మన్నారు” అన్నది. అందులో నిందలేదు. కానీ మాకు సమాధానం దొరకలేదు.

మిత్రులారా! సెలవు దరఖాస్తు పూరించే ముందు ఏ ఊరన్నది కాక, ఏ మాసమన్నది మొదట ఆలోచించండి. ఇంట్లో తీరం ఎరిగిన పెద్దలుంటే వారిని అడగండి, అడిగిన తరువాత వినండి. విభాగంలో పని ఏ జనవరిలోనైనా ఉంటుంది. పిల్లల చదువులో నాలుగు రోజుల లోటు నెలలో తీరిపోతుంది. పెద్దల విషయంలో మాత్రం వాయిదా వేసిన ప్రతి సంవత్సరమూ వారి కాళ్ళలోని బలం నుంచే తగ్గుతుంది.