ఎవరిని ప్రశ్నింపవలెను?

ఎయిడ్స్ వ్యాధిపై ఒక పరిశోధనా వ్యాసము వ్రాయుటకు మేము అయిదుగురము పూనుకొన్నాము. ఉర్దూ మాధ్యమమువారము ఇద్దరము, తెలుగు మాధ్యమమువారము ముగ్గురము. విషయము వినగానే పెద్దలొకరు "ఆడపిల్లలు చదువుకొనే చోట ఈ ప్రసంగమెందుకు బాబూ?" అన్నారు. వారి సంకోచము మాకు తెలియనిది కాదు. కాని 2021 నాటి అంచనాలలో దేశమందలి వయోజనులలో నూటికి 0.21 వంతున హెచ్.ఐ.వి. ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47 వంతున ఉన్నది. వాకిట నిలిచినదానిని గూర్చి ఇంటిలో మాటాడరాదనుట ఎట్లు?

అదియునుగాక, భారతదేశమున ఈ వైరస్‌ను మొట్టమొదట కనుగొన్నదియు ఒక విద్యార్థిని వ్రాసిన సిద్ధాంత వ్యాసమే. 1986లో మద్రాసు వైద్య కళాశాల విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల, తన ఆచార్యురాలు డాక్టర్ సునీతి సాల్మన్ ప్రోత్సాహముతో వేశ్యావృత్తిలోని స్త్రీల రక్తపు నమూనాలు సేకరించినది. వానిని తన ఇంటి ఫ్రిజ్‌లోనే దాచి, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు తీసుకొనిపోయి పరీక్షింపగా ఆరింటిలో వైరస్ జాడ కనిపించినది. ఈ రోగము మన దేశమునకు రాదని చాలమంది ధీమాగా ఉన్న రోజులవి!

ఆ కథ మమ్ము ఉత్సాహపరచినది, కలవరపెట్టినది కూడ. ఆ స్త్రీలలో పలువురు నిర్బంధ గృహములలో ఉన్నవారు. ఆ రక్తము ఏ పరీక్షకో వారికి చెప్పలేదు. నాటి పరిస్థితి వేరు, నిజమే. నేడు అట్లు చేయుటకు వీలులేదు. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు నుండి అమలైన చట్టము ప్రకారము, విషయము తెలిపి సమ్మతి పొందనిదే పరీక్ష జరుపరాదు. ఒకరి స్థితిని మరొకరికి వెల్లడింపరాదు.

మాలో ఒకరు ప్రభుత్వాసుపత్రిలో మందులు తీసుకొనువారిని కలియుదమన్నారు. 2004 నుండి అచ్చట ఆ మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. ఎవరును చూడకుండ మందు తీసుకొని వెళ్ళిపోవలెనని వచ్చినవారి యెదుట కాగితము, కలము పట్టుకొని నిలుచుటకు మనకేమి అధికారమున్నదని తక్కినవారము అడిగినాము. చాలసేపు వాదులాడుకొన్న మీదట, ప్రశ్నింపవలసినది వారిని కాదు, మనలనేయని తేలినది. స్పర్శవలన గాని, ఒకే కంచమున తినుటవలన గాని, దోమకాటువలన గాని ఈ వైరస్ సోకదు. క్రమము తప్పక మందులు వాడి, రక్తములో వైరస్ కనబడని స్థాయికి తగ్గినవారినుండి లైంగిక సంబంధము ద్వారా కూడ సోకదు. ఇది తెలిసిన విద్యార్థి సైతము గది అద్దెకిచ్చుటకు వెనుదీయునా? మా వ్యాసమునకు ఇదియే ప్రశ్న.

ప్రశ్నాపత్రము రెండు భాషలలో ఉండవలెను గదా! 'రోగి' అనిన మాటవద్దనే ఒక మధ్యాహ్నము గడచిపోయినది. దినమునకొక మాత్ర వేసికొని కొలువుకు పోవువాడు రోగి యెట్లగును? ఉర్దూలో 'మరీజ్' అన్నను అదే చిక్కు. తుదకు తెలుగున 'హెచ్.ఐ.వి.తో జీవించువారు' అనియు, ఉర్దూలో 'హెచ్.ఐ.వి. కే సాథ్ జీనేవాలే' అనియు వ్రాసినాము. పలుకుటకు పొడవే, కాని నిందలేదు.

పేరు, రోల్ నంబరు అడుగము. మనది చిన్న కళాశాల. చేవ్రాత చూచి మనిషిని గుర్తుపట్టగలము గనుక జవాబులకు టిక్కు గుర్తు మాత్రమే పెట్టవలెను. "ఇట్టివారితో కలసి భోజనము చేయుదురా?" అను ప్రశ్నను చదువుచు మా సోదరి యొకతె ఆగిపోయి, "ఈ కాగితము అందుకొనువారిలోనే అట్టివారొకరుంటే?" అన్నది. మేమెవ్వరము వెంటనే మాటాడలేకపోయినాము. ఆ ప్రశ్నలోని 'ఇట్టివారు' పోయి, 'మీ తరగతి మిత్రుడు' వచ్చినది.

పదకొండవ ప్రశ్న మాత్రము ఇంకను తేలలేదు. "మీ ఇంటిలో ఒకరికి ఉన్నచో ఎవరికైనా చెప్పుదురా?" అని. ఉంచవలెనని ముగ్గురము, తీసివేయవలెనని ఇద్దరము. కళాశాల సంఘమువారి అనుమతికై పంపిన ప్రతిలో దానిని పెన్సిలుతో వ్రాసినాము.