ఇయ్యన్నా అన్నంత మెత్తగా

మా ప్రొద్దుటూరులో పదో తరగతి దాటిన ఎవరినడిగినా తడుముకోకుండా చెబుతారు: కెన్ అంటే గలను, మే అంటే వచ్చు, మస్ట్ అంటే చేసి తీరాలి, షుడ్ అంటే చేయాలి. ఈ పట్టికతో పరీక్ష గట్టెక్కవచ్చు. ఇంగ్లండులో పనిచేసే చోట మాత్రం ఇది చాలదు.

ఇంగ్లండుకు కొత్తగా వచ్చిన మనవాళ్లు కొందరు సెలవు రోజుల్లో ఇక్కడ మా ఇంట్లో చేరి ఇంగ్లీషు మాట్లాడుకుంటారు. పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో చదివినవాళ్లు, ప్రొద్దుటూరు యోగి వేమన ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు, జమ్మలమడుగు దిక్కు నుంచి వచ్చిన నర్సులు. వీళ్లకు మాటలు తక్కువేం కాదు. ఒక్కొక్కరి దగ్గర నాకంటే ఎక్కువే ఉంటాయి. చిక్కంతా కెన్, కుడ్, మే, మైట్, మస్ట్, షుడ్, వుడ్ అనే ఈ చిన్న మాటల దగ్గరే.

ప్రొద్దుటూరు అంగట్లో దాహమేస్తే మనం ‘మీరు నీళ్లు ఇవ్వగలరా’ అని అడగం. ‘అన్నా, రవ్వన్ని నీళ్లియ్యి’ అంటాం. క్రియ చూస్తే అది ఆజ్ఞే. అయినా ఎవరూ నొచ్చుకోరు. మర్యాదంతా ‘అన్నా’ మోస్తుంది. పెద్దమ్మా, మామా, అబ్బా, జేజీ అని ముక్కూ మొగం తెలియని మనిషిని కూడా వరస కలిపి పిలిచే భాష మనది. పైగా ‘అండి’ ఉంది, ‘మీరు’ ఉంది. ఇంగ్లీషులో దారిన పోయేవాడిని అన్నా అనలేం, చిన్నకైనా పెద్దకైనా ఒకటే ‘యు’. కాబట్టి ఆ బరువంతా క్రియ ముందుండే చిన్న మాట మీద పడుతుంది. ‘కుడ్ యు’ అన్నప్పుడు ఆ కుడ్ జరిగిపోయిన కాలం కాదు. అడిగేదాన్ని ఒక అడుగు దూరంగా పెట్టి, కాదనే స్వేచ్ఛ ఎదుటివాడికి వదిలిపెట్టడం. అది తెలియక మన పిల్లవాడు ‘గివ్ మి వాటర్’ అంటే, వాడి మనసులో ఉన్న ‘అన్నా’ వాళ్లకు వినపడదు.

తిరగేస్తే ఇంకా బాధ. ఇక్కడి ఒక ఆసుపత్రిలో పైనున్న నర్సు మన అమ్మాయితో ‘యు మైట్ వాంట్ టు చెక్ దట్ చార్ట్ అగెయిన్’ అంది. బడి పట్టిక ప్రకారం మైట్ అంటే బహుశా. సరే, తీరిక చూసుకుని చూద్దాంలే అనుకుంది ఈ అమ్మాయి. నిజానికి ఆ మాటకు ఇప్పుడే, నా ముందే చూడు అని అర్థం. చెప్పినా వినదు అన్న పేరు ఆమెకు అన్యాయంగా వచ్చింది. నేను ఆమెకు వ్యాకరణం చెప్పలేదు. ‘ఒకసారి చూస్తే బాగుంటాదేమో పాపా’ అని మీ అత్త అంటే ఏం చేస్తావు అని అడిగాను. వెంటనే అర్థమైంది.

మాట బరువు కచ్చితంగా తూచి పెట్టిన చోట్లూ ఉన్నాయి. వీటిని నేను తప్పకుండా చదివిస్తాను. బ్రిటన్‌లో బండి నడపాలంటే 1931 నుంచి వస్తున్న హైవే కోడ్ తెలియాలి. అందులో మస్ట్, మస్ట్ నాట్ అని పెద్దక్షరాల్లో ఉన్నది చట్టం, మీరితే నేరం. షుడ్ అని ఉన్నదాన్ని పాటించకపోతే అంతమాత్రాన కేసు ఉండదు గానీ, వ్యవహారం కోర్టుకెక్కితే ఆ సంగతిని సాక్ష్యంగా చూపవచ్చు. సాఫ్ట్‌వేర్ పిల్లలకు 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2119 ఉంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు ఆ చిన్న పత్రంలో మస్ట్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే గట్టి కారణం ఉంటే పర్యవసానాలన్నీ ఆలోచించుకుని వదలొచ్చు, మే అంటే పూర్తిగా నీ ఇష్టం అని బిగించి పెట్టారు.

షల్ గురించి రెండు మాటలు చాలు. ఐ షల్, యు విల్ అనే సూత్రం 1653లో జాన్ వాలిస్ తన వ్యాకరణంలో పెట్టింది. మన బళ్లలో తరతరాలుగా బట్టీ పట్టించారు. జెఫ్రీ లీచ్ అనే భాషావేత్త 1961కీ 1990ల మొదటికీ మధ్య రాసిన ఇంగ్లీషును పోల్చి చూస్తే షల్, మస్ట్, మే మూడూ బాగా తగ్గాయి. మనకు కావలసింది ‘షల్ ఐ’, ‘షల్ వి’ మాత్రమే. అవి అచ్చంగా మన ‘తెరవనా?’, ‘పోదామా?’.

అసలు నిధి మన సీమ మాటలోనే ఉంది. మస్ట్ హ్యావ్, మైట్ హ్యావ్, షుడ్ హ్యావ్, వుడ్ హ్యావ్ అనగానే ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా బెదురుతారు. గైడ్లలో ‘వెళ్లి ఉండి ఉండవచ్చును’ అని ఎవరూ పలకని తెలుగు రాసి ఇంకా బెదరగొడతారు. జమ్మలమడుగు బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడినవాళ్ల మాటలు వినండి. ‘బస్సు పోయింటాది’: మస్ట్ హ్యావ్ గాన్. ‘పోయిండొచ్చు’: మైట్ హ్యావ్ గాన్. ‘ఈపాటికి రావాల్సిండె’: షుడ్ హ్యావ్ కమ్. ‘ఆటోకు పోయింటే ఈపాటికి చేరిండేవాళ్లం’: వుడ్ హ్యావ్ రీచ్డ్. నాలుగూ నాలుగు వేర్వేరు తీర్పులు. చదువు రాని అవ్వ కూడా వీటిలో ఒకదాని చోట ఇంకొకటి వాడదు. పులివెందుల రైతు ‘ఈసారి చీనీ రేటు పెరగాల’ అంటాడు చూడండి, అది హుకుం కాదు, లెక్క చూసుకుని పెట్టుకున్న నమ్మకం. ‘ద ప్రైస్ షుడ్ గో అప్’ అన్నప్పటి షుడ్ సరిగ్గా అదే.

ఇంత సొత్తు నోట్లో పెట్టుకున్న పిల్లల్ని, తరగతిలో ఆ మాట రానివ్వకుండా నోరు మూయించడం నాకు కోపం తెప్పిస్తుంది. ప్రభుత్వ బడుల్ని ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని 2019లో ఉత్తర్వు వచ్చింది, కోర్టుల దాకా వెళ్లింది. మీడియం ఏదైనా కానీ, ఇంగ్లీషు చెప్పే పంతులు ‘పోయింటాది’ అనే మాటను బోర్డు మీద రాయడానికి సిగ్గుపడకూడదు. 1820లో కడపకొచ్చిన సి.పి. బ్రౌన్ సిగ్గుపడలేదు. 1840లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించాడు. తర్వాత నిఘంటువుల్లో వాడుక మాటలకు చోటిచ్చాడు, కచేరీల్లో కలగలిసిన అన్యభాషా పదాలకు ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువే చేశాడు. ముసలితనంలో లండన్‌లో తెలుగు ఆచార్యుడుగా ఉన్నాడు. పరాయి భాష నేర్చుకోవాలంటే జనం నోటి దగ్గరికి పోవాలని మా జిల్లాలో పనిచేసినవాడికే తెలిసినప్పుడు, మనవాళ్ల నోటి నుంచే మొదలుపెట్టడానికి మనకేం అడ్డం?

మొన్న ‘వుడ్ యు మైండ్’ దగ్గర అందరూ ఆగిపోయారు. ‘వుడ్ యు మైండ్ క్లోజింగ్ ద డోర్?’ అని అడిగితే సాయం చేద్దామనుకున్నవాడు ‘యెస్’ అంటాడు. అవతలివాళ్లకది ‘నాకు ఇబ్బందే’ అన్నట్టు వినిపిస్తుంది. ‘నో, నాట్ ఎట్ ఆల్’ అనాలి. కాదంటూ పని చేయడమేంటి అని ఒక పిల్లవాడు వాదించాడు. ‘తలుపేస్తే ఏమన్నా ఇబ్బందా అన్నా?’ అని అడిగాను. వాడు లేచి, ‘ఇబ్బందేముందిక్కా’ అంటూ తలుపేశాడు.