ఖర్జూర గింజ నాటితే ఏమొస్తుంది?

అల్ ఐన్, జూలై



పోయిన ఉత్తరం చదివి నిజామాబాద్ జిల్లా నుంచి ఒక చెల్లెలు చిన్న ప్రశ్న పంపింది. "అన్నా, మా ఇంటాయన తెచ్చిన ఖర్జూరపండ్ల గింజలు పెరట్ల పెడితే మొలిచినయ్. వీటికి గవే పండ్లు కాస్తయా?" అని. చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ నేనుండే యూఏఈలోనూ, చుట్టుపక్కల దేశాల్లోనూ ప్రయోగశాలలు ఏళ్ల తరబడి చేస్తున్న పని ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. అందుకే ఈ నెల ఉత్తరమంతా దీనికే ఇస్తున్నాను.

ముందు సూటిగా జవాబు చెబుతాను చెల్లెమ్మా. అవే పండ్లు రావు. మొలిచినవాటిలో సుమారు సగం మగచెట్లు అవుతాయి, అవి అసలు కాయవు. మిగిలిన సగం కాస్తాయి గానీ తల్లిచెట్టు పండు రుచి వాటికి రాదు. ఒక్కో మొక్కది ఒక్కో దారి. ఏది మగదో ఏది ఆడదో పూత వచ్చేదాకా తెలియదు. గింజ మొక్క పూతకు రావడానికి ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అన్నేళ్లు నీళ్లు పోసి పెంచాక అది మగచెట్టని తేలితే రైతు ఏం కావాలి? నీళ్లు బంగారమంత విలువైన చోట ఈ మాటకు ఇంకా బరువు ఎక్కువ.

ఇక్కడి రైతులు దీనికి ఎప్పుడో దారి కనిపెట్టారు. చెట్టు మొదట్లో పుట్టే పిలకను వేళ్లతో సహా వేరుచేసి నాటుతారు. పిలకకు అన్నీ తల్లి గుణాలే. తల్లి ఆడదైతే అదీ ఆడదే, తల్లి ఏ కాయ కాస్తే అదీ ఆ కాయే కాస్తుంది. మనం బంగినపల్లిని అంటు మీద నిలుపుకున్నట్టు వీళ్లు ఖలాస్, ఖనేజీ, లూలూ, ఫర్ద్, బర్హీ లాంటి రకాలను పిలకల మీద నిలుపుకున్నారు. ఖలాస్ అనే చెట్టు ఎప్పుడో ఒక గింజలోంచి పుట్టి ఉంటుంది. దాని పండు నోట పెట్టుకున్న ఎవరో, పేరు తెలియని ఒక రైతు, దీన్ని పోగొట్టుకోకూడదు అనుకున్నాడు. ఈ రోజు ఊరూరా కనిపించే ఖలాస్ చెట్లు ఆ ఒక్క చెట్టు కొనసాగింపే. ఇది నన్ను ఎంతగానో కదిలించే విషయం. ఏ కాగితం మీదా రాసిపెట్టకుండా ఒక చెట్టు జన్యువులను తరతరాలుగా చెక్కుచెదరకుండా చేతులు మార్చుకుంటూ వచ్చారు.

ఎంతకాలంగా? అబుదాబికి పశ్చిమాన ఉన్న దల్మా దీవిలో తవ్వకాల్లో దొరికిన ఖర్జూర గింజలు సుమారు 7,000 ఏళ్ల నాటివి. అవి సాగు చేసిన చెట్లవో, అడవి చెట్లవో చెప్పడం కష్టం గానీ, తిన్నారన్నది మాత్రం ఖాయం. నేనుండే ఈ అల్ ఐన్‌లో ఫలజ్ అనే కాలువలు కొండల పాదాల కింద నుంచి భూగర్భ జలాన్ని తోటలకు మోసుకొస్తాయి. వంతులేసుకుని, గంటల లెక్కన నీళ్లు పంచుకోవడం ఇక్కడ పాత పద్ధతి. ఈ తోటలనూ, పక్కనే ఉన్న హిలీ కంచుయుగపు ఆనవాళ్లనూ కలిపి 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ 2011లోనే ఇంకోటి జరిగింది. ఖతార్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో జోయెల్ మాలెక్ బృందం ఖలాస్ చెట్టు జీనోమ్ తొలి ముసాయిదాను ప్రచురించింది. జీనోమ్ అంటే ఒక ప్రాణి కణంలో ఉండే మొత్తం డీఎన్ఏ రాత. ఖర్జూర చెట్టుకు అది 18 జతల క్రోమోజోముల్లో ఉంటుంది. తొలి ముసాయిదాలో 38 కోట్ల అక్షరాలే పట్టుబడ్డాయి, ముక్కలు ముక్కలుగా. 2013లో సౌదీ శాస్త్రవేత్తలు బీజింగ్ జీనోమిక్స్ సంస్థతో కలిసి 60 కోట్ల అక్షరాల దాకా చదివారు, 41 వేలకు పైగా జన్యువులను గుర్తించారు. 2019 నాటి కూర్పు 77 కోట్లు దాటింది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జీనోమ్ వెలువడింది కూడా 2011లోనే. మెట్టపంటకూ ఎడారి పంటకూ ఒకే ఏడాది ఈ గౌరవం దక్కినందుకు నాకు సంతోషంగా ఉంటుంది. అప్పటిదాకా ఈ హోదా వరి, మొక్కజొన్న లాంటివాటికే ఎక్కువగా దక్కేది.

ఖతార్ బృందం మొదట వెతికింది మన నిజామాబాద్ చెల్లెలి ప్రశ్నకు జవాబులో వచ్చిన మగ, ఆడ తేడానే. మగచెట్ల డీఎన్ఏనూ ఆడచెట్ల డీఎన్ఏనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మనుషుల్లో మాదిరిగానే ఖర్జూరంలోనూ మగదానికే జతలో తేడా ఉంటుందని తేలింది. 2018లో అదే బృందం మరో అడుగు ముందుకు వేసింది. ఖర్జూరం ఒక్కదాన్నే కాకుండా దాని కుటుంబంలోని ఇతర జాతులనూ కలిపి పరిశీలించి, మగచెట్లలో మాత్రమే కనిపించే కొన్ని జన్యువులను పట్టుకుంది. వాటిలో రెండు పుప్పొడి తయారీకి సంబంధించినవి. మరొకటి పువ్వులో ఆడ భాగం పెరగకుండా ఆపుతుందని భావిస్తున్నారు. ఈ తేడా తెలిశాక లేతమొక్క ఆకు చిన్న ముక్క చాలు, అది మగదో ఆడదో ప్రయోగశాలలో చెప్పవచ్చు. ఐదారేళ్ల ఎదురుచూపు కొద్ది రోజులకు తగ్గుతుంది. కొత్త రకాలను పెంచాలనుకునేవారికి ఇంతకంటే పెద్ద మేలు లేదు.

అబుదాబిలోని న్యూయార్క్ విశ్వవిద్యాలయ శాఖలో మైఖేల్ పురుగణన్ బృందం వేరే దారి పట్టింది. ఒక్క చెట్టును లోతుగా చదివే బదులు చాలా దేశాల చెట్లను పోల్చింది. 2015లో 12 దేశాల నుంచి తెచ్చిన 62 రకాల డీఎన్ఏను చదివితే, అరేబియా వైపు ఖర్జూరాలు ఒక గుంపుగా, ఉత్తర ఆఫ్రికా ఖర్జూరాలు ఇంకో గుంపుగా విడిపోయాయి. ఎందుకలా అంటే 2019లో జవాబు దొరికింది. ఆఫ్రికా చెట్లలో ఒక కొత్త చుట్టం రక్తం కలిసింది. క్రీట్ దీవిలోనూ, తుర్కియే తీరంలోనూ పెరిగే అడవి ఖర్జూరం అది. అరేబియా నుంచి పడమటికి వెళ్లిన ఖర్జూరం దారిలో దానితో కలిసిందన్నమాట. ఒమన్ కొండల్లో మనిషి చేయిపడని అడవి ఖర్జూరాలు ఇంకా బతికి ఉన్నాయని 2017లో మరో పరిశోధన చూపించింది. ఎడారి తోటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పగల సాక్షులు అవి.

ఈ వరసలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని మా ఊళ్లోనే జరిగింది. అల్ ఐన్‌లోని యూఏఈ విశ్వవిద్యాలయంలో ఖలీఫా జెనెటిక్ ఇంజినీరింగ్, బయోటెక్నాలజీ కేంద్రం ఉంది. ఆ కేంద్రానికి చెందిన ఖాలిద్ హజ్జూరీ, ఖాలిద్ అమీరీలు పురుగణన్ బృందంతో కలిసి 2019లో పండు గుణాల మీద పరిశోధన వెలువరించారు. ఈ నెలలో తోటల్లోకి వెళితే గెలలు రెండు రంగుల్లో వేలాడుతుంటాయి. ఖనేజీ ఎర్రగా, బర్హీ పసుపు పచ్చగా. దోరకాయ దశలో కనిపించే ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందని చూస్తే, విరెసెన్స్ అనే ఒకే జన్యువు దగ్గర తేలింది. జన్యువు సరిగా పనిచేస్తే కాయ ఎర్రబడుతుంది. ఎప్పుడో ఒకనాడు, చోటు మారుతూ తిరిగే ఒక డీఎన్ఏ ముక్క వచ్చి ఆ జన్యువులో దూరింది. దాంతో ఎరుపు ఆగి పసుపు మిగిలింది. ఆ తిరుగుబోతు ముక్కకు ఇబ్న్ మాజిద్ అని పేరు పెట్టారు. ఇక్కడి రస్ అల్ ఖైమాలోని జుల్ఫార్‌లో పుట్టి, హిందూ మహాసముద్రపు దారులను గ్రంథాలుగా రాసిన 15వ శతాబ్దపు నావికుడి పేరు అది. మన ఏలూరు జిల్లా రైతులు పెంచే ఆయిల్‌పామ్‌లోనూ కాయ రంగును తేల్చేది ఈ విరెసెన్స్ జన్యువే. మలేసియా శాస్త్రవేత్తలు దాన్ని 2014లో గుర్తించారు. రెండు వేరు వేరు చెట్లలో మనుషుల కళ్లు ఒకే జన్యువు మీద పడ్డాయి.

అదే పరిశోధనలో తీపి సంగతీ తేలింది. అరేబియా ఖర్జూరాల్లో ఎక్కువ భాగం గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లే ఉంటాయి. అల్జీరియా, ట్యునీషియాల దెగ్లెత్ నూర్ రకంలో మాత్రం మనం కాఫీలో వేసుకునే చక్కెర, అంటే సుక్రోజ్, చాలా మిగిలిపోతుంది. సుక్రోజ్‌ను విరగ్గొట్టే ఇన్వర్టేజ్ జన్యువులున్న చోట కొంత భాగం ఎగిరిపోయిన చెట్లలోనే ఇలా జరుగుతోందట. నోటికి తెలిసే రుచి తేడాకు ఇలా చిరునామా దొరకడం చిన్న విషయం కాదు.

యూదయ ఎడారిలో దొరికిన పాత గింజల సంగతి మీలో కొందరు వినే ఉంటారు. మసాదా కోటలో దొరికిన, దాదాపు 2,000 ఏళ్ల నాటి గింజ 2005లో మొలకెత్తింది. సారా సాలన్, ఎలేన్ సాలొవే అనే ఇద్దరు స్త్రీల ఓపిక అది. తర్వాత మరో ఆరు మొలిచాయి. 2021లో ఈ మొక్కల జీనోములను చదివింది అబుదాబి బృందమే. గింజలు వేరు వేరు శతాబ్దాలవి. రోమన్ల కాలం వచ్చేకొద్దీ వాటిలో క్రీట్ ఖర్జూరపు వాటా పెరగడం కనిపించింది. వర్తకం ఎటు నుంచి ఎటు నడిచిందో చెట్టు గుర్తు పెట్టుకుంది.

ఇక మన తూర్పు తీరం వారికి దగ్గరి విషయం. కోనసీమ కొబ్బరి రైతులకు ఎర్రముక్కు పురుగును పరిచయం చేయనక్కర్లేదు. మన దక్షిణాసియాదే ఆ పురుగు. 1985లో రస్ అల్ ఖైమా ఖర్జూర తోటల్లో కనిపించింది. అక్కడి నుంచి గల్ఫ్ అంతటా, తర్వాత మధ్యధరా తీరానికీ పాకింది. చెట్టు గాయంలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు కాండం లోపల తొలుచుకుంటూ పోతాయి. పైకి తెలిసేసరికి లోపల గుల్ల. పెరట్లో నిలబడ్డ చెట్టు ఒక్కసారి తల వాల్చడం చూసినవారికి ఆ బాధ తెలుసు. అల్ ఐన్ కేంద్రం చెట్టుతో ఆగకుండా ఈ పురుగు జీనోమ్‌నూ చదివి 2020లో ప్రచురించింది. చెట్టు గోడలను కరిగించే ఎంజైములకూ, విషాలను విరిచేసుకునే శక్తికీ ఏ జన్యువులు తోడ్పడుతున్నాయో అందులో ఉంది. మందు కొట్టినా పురుగు ఎందుకు లొంగడం లేదన్న ప్రశ్నకు ఇక్కడి నుంచే జవాబు వెతకాలి. అల్ ఐన్‌లో జరిగిన ఈ పని రేపు అమలాపురం కొబ్బరితోటకూ అక్కరకు రావాలి. రాకపోతే అది మన వ్యవసాయ పరిశోధన సంస్థల వెనకబాటే.

ఒక విషయంలో నాకు దిగులు ఉంది. టిష్యూ కల్చర్ వచ్చాక ఒకే రకం మొక్కలు వేల సంఖ్యలో చేతికి వస్తున్నాయి. రైతుకు మేలే. మన అనంతపురం జిల్లాలోనూ కొందరు బర్హీ వేశారు. కానీ మార్కెట్ అడిగే నాలుగైదు రకాలే అందరూ వేస్తే మిగిలిన పేర్లు జారిపోతాయి. జీనోమ్ పరిశోధన బలమంతా రకరకాల చెట్లు ఉండడంలోనే ఉంది. ఎర్రకాయ, పసుపుకాయ రెండూ తోటలో నిలిచి ఉన్నాయి కాబట్టే విరెసెన్స్ కథ బయటపడింది. అన్ని చెట్లూ ఒక్కటే అయితే పోల్చడానికి ఏం మిగులుతుంది? ఏ రకానికి ఏ పేరో, ఏది ఎప్పుడు పండుతుందో చెప్పింది తోటమాలులే. ఆ పేర్లు లేకుండా ఏ శాస్త్రవేత్తా నమూనా తీయలేడు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. మన ఈతచెట్టు ఖర్జూరానికి సొంత చెల్లెలు లాంటిది. జాతి వేరైనా ఒకే కుటుంబం. ఒకదాని పుప్పొడి మరోదానిపై పడితే కాయ కడుతుంది. ఈతలోనూ మగచెట్టు, ఆడచెట్టు వేరు. ఇక్కడి తోటల్లో పనిచేస్తున్న జగిత్యాల, సిరిసిల్ల సోదరుల్లో కల్లుగీత కుటుంబాల వారున్నారు. ఇక్కడి తోటమాలి నడుముకు హబూల్ తాడు చుట్టుకుని ఎక్కడం చూసి, ఇది మన మోకే కదా అన్నారు. ఏ చెట్టు కల్లు తీపో, ఏది పొద్దున్నే ఎక్కువ పారుతుందో వాళ్ల నాన్నలకు చెట్టు చెట్టుకూ తెలుసు. ఉప్పునేలలో, ఎండిన వాగు గట్టున నీళ్లు పెట్టకుండానే బతికే ఈత జన్యువుల్లో ఏముందో వివరంగా చదవాల్సిన అవసరం ఉంది. ఎండలు ముదురుతున్న కొద్దీ ఖర్జూర రైతులకే అది పనికిరావచ్చు. కానీ నాకు తెలిసినంతలో మనకు ఈత రకాల పేర్ల జాబితా ఒక్కటి కూడా చేతిలో లేదు.

అందుకని ఈసారి మీ నుంచి ఉత్తరాలు కోరుతున్నాను. మీ ఊళ్లో గట్టు మీదో, వాగు ఒడ్డునో పేరున్న ఈతచెట్టు ఉందా? పెద్దకాయ కాసేదో, గింజ చిన్నగా కండ ఎక్కువగా ఉండేదో, కల్లు ఎక్కువ ఇచ్చేదో ఏదైనా సరే. దాన్ని మీ గీతకారులు ఏమని పిలుస్తారు, కాయ ఏ నెలలో పండుతుంది, ఏ రంగులో ఉంటుంది, నేల ఎలాంటిది అన్నవి రాయండి. ఇంట్లో తాతలుంటే వాళ్లనడిగి రాయండి. వచ్చినవన్నీ ఊరిపేరుతో సహా వరసగా ఈ ఉత్తరాల్లో అచ్చు వేస్తాను.

చెల్లెమ్మా, నీ పెరటి మొక్కలను పీకేయకు. కుండీలో ఉంటే ఎండ బాగా తగిలే చోట నేలలోకి మార్చు. మొదట్లో నీళ్లు నిలవకుండా చూడు. ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో, పూత ఎలా ఉందో నాకు రాస్తూ ఉండు.

ఉంటాను.
మీ అల్ ఐన్ మిత్రుడు