అవ్వ చూపించిన చోటు

హైదరాబాద్‌లో రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. శనివారం మాత్రం కుంచె పట్టుకుంటా.

మొన్న వానాకాలం కొల్లాపూర్ పోయినప్పుడు సోమశిల ఒడ్డున ఒక దృశ్యం చూశా. నల్లమల మీద కారుమబ్బు కమ్ముకుంది. సాయంత్రపు ఎండ మా వెనక నుంచి మబ్బు సందులో దూరి ఒక్క గుట్ట మీదే పడింది. రెండు నిమిషాలే. ఫోన్‌లో తీస్తే ఆ వెలుగు రాలేదు. బొమ్మ వేయాల్సిందే అనుకున్నా.

ఆక్రిలిక్ రంగులతో మొదలుపెట్టా. వెలుగు కోసం తెలుపు మీద తెలుపు పూస్తే గుట్టకు సున్నం కొట్టినట్టయింది. చుట్టూ చీకటి ముదిరితేనే వెలుగు కనిపిస్తుందని తెలిసేలోపు రెండు కాన్వాసులు పాడయ్యాయి. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా కలిపితే అచ్చం మబ్బు రంగు వచ్చింది. ఆకాశమంతా దాంతో నింపి, గుట్ట మీద కాస్త ఎల్లో ఓకర్ పెట్టగానే ఎండ పడినట్టే ఉంది! దూరపు కొండలను పాలిపోయిన నీలంలో వదిలేశా. మధ్యలో ఉన్న గాలి నీలం కాంతిని చెదరగొడుతుంది కాబట్టి అవి అలాగే కనిపిస్తాయి. నీళ్లు మాత్రం వీడియోల్లో చూసినట్టే నీలంగా వేసేశా.

బొమ్మను తీసుకెళ్లి అవ్వకు చూపించా.

"గుట్టలు మంచిగొచ్చినయి బిడ్డా. గని కొత్తనీళ్లప్పుడు కిష్ణ గిట్ల నీలంగ ఉంటదా? ఎర్రగుంటది."

తర్వాత నీళ్ల మధ్యలో వేలు పెట్టింది. "మన ఇల్లు గీడ ఉండె."

1980ల మొదట్లో శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్లలో మాదీ ఒకటి. నాయిన అప్పుడు చిన్నపిల్లగాడు. సోమశిల గుడులను విప్పి తెచ్చి ఎత్తు మీద మళ్లీ కట్టారు. మా వాళ్లు దూలాలు, తలుపులు బండికెత్తుకుని వచ్చారట. గోడలు అక్కడే ఉండిపోయాయి. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. వార్తల్లో ఆ మాట రాగానే అవ్వ టీవీ సౌండ్ ఎందుకు పెంచమంటుందో నాకు ఆరోజే అర్థమైంది. ఇన్నేళ్లూ నేను సెల్ఫీలు దిగింది ఆ నీళ్ల ముందే.

నీలం మీద ఎర్రమట్టి రంగు పూశా. బొమ్మ అందం కొంచెం తగ్గింది. అవ్వ మాత్రం "ఇప్పుడు కిష్ణ లెక్క ఉంది" అంది.

ఎండాకాలం నీళ్లు తగ్గితే అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. మా ఊరి మొండిగోడలు కూడా కనిపిస్తాయేమో. ఈసారి కాన్వాస్‌తో పాటు అవ్వనూ తీసుకుపోదామని ఉంది. అడిగితే నవ్వింది.

"వస్త గని, ఇంటిముంగట యాపచెట్టు ఉండె. అది మరువకు."