2001లో మా ఓటు తూనీగకే

ఒక ఏడాది పాటల్లోంచి ఒక్కటే ఎంచుకోమంటే 2001 బాగా ఇరకాటంలో పెడుతుంది. ‘ఖుషి’కి మణిశర్మ, ‘నువ్వు నాకు నచ్చావ్’కి కోటి, ‘నువ్వు నేను’కి ఆర్పీ పట్నాయక్. అన్నీ ఆ సంవత్సరానివే. అప్పటికి మేమూ మీ వయసువాళ్లమే. క్యాసెట్ రీలు బయటికొస్తే పెన్సిల్ దూర్చి చుట్టడానికి మా ఇంట్లో పోటీ ఉండేది.

డిగ్నాబాద్‌లో మా తెలుగు పిల్లలు దీనిమీద పెద్ద పంచాయితీయే పెట్టారు. వీళ్లెవరూ అప్పటికి పుట్టలేదు. అయినా అమ్మానాన్నల ఫోన్ల పుణ్యమా అని పాటలన్నీ నోటికొచ్చు. ఎక్కువ చేతులు ‘ఖుషి’కే లేచాయి. మా ఓటు మాత్రం ‘మనసంతా నువ్వే’లోని తూనీగ పాటకు.

ఆ సినిమా 2001 అక్టోబరులో వచ్చింది. బాణీ ఆర్పీ పట్నాయక్‌ది, రచన సిరివెన్నెల సీతారామశాస్త్రిది. (సినిమాల్లోకి రాకముందు ఆయన టెలిఫోన్ శాఖ ఉద్యోగి. అంటే మన కేంద్ర ప్రభుత్వం వాళ్లే!) ఇద్దరు చిన్నపిల్లలు ఆడుతూ పాడుకునే పాట అది. తర్వాత ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? అమ్మాయి వాళ్ల నాన్నకు బదిలీ. వెళ్తూ నేస్తానికి ఒక గడియారం ఇస్తుంది. ఉన్న ఊళ్లోనే పెరిగినవాళ్లకు అది కథలో మలుపు. మనకు ఏటా వచ్చే ఏప్రిల్ నెల.

“సినిమాలో పెద్దయ్యాక కలుస్తారు కదా మేడమ్, నిజంగా కలుస్తారా?” అని ఒక పాప అడిగింది. వాళ్ల నాన్నకు ఆర్డరు వచ్చింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అయిదు పోస్టింగుల్లో మాకు మళ్లీ ఎదురుపడిన నేస్తాలు ఇద్దరే అన్నాం. ఆ ఇద్దరూ చాలా గట్టివాళ్లు అని కూడా అన్నాం.

ఆ పాప కాసేపు ఊరుకుంది. అప్పుడు తూనీగల సంగతి చెప్పాం. వాటిలో ఒక జాతి మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా దాకా పోతుంది. ఏ ఒక్క తూనీగా వెళ్లి తిరిగిరాదు. దారిలో తరాలు మారతాయి, వచ్చేవి వాటి పిల్లలూ మనవలూ. అంత చిన్న రెక్కలతో!

ఇప్పుడు ఆ పాప పక్క బెంచీ తమిళ స్నేహితురాలికి పాట నేర్పుతోంది. తూనీగంటే ఏమిటని ఆ పిల్ల మమ్మల్నే అడిగింది. “మీ తుంబి” అన్నాం. మొదటి చరణం వచ్చేసింది. రెండోది ఇంకా నోరు తిరగడం లేదు. విశాఖ ఓడ వచ్చేలోగా పూర్తి కావాలని రోజూ భోజనాల గంటలో ఇద్దరూ సాధన చేస్తున్నారు.